తలనొప్పే కదా అనుకుంటే ప్రాణం మీదికి!

అలవాటైన నొప్పి చాటున అసలు ముప్పు. బాలింతలు, పెద్దవాళ్లు, బీపీ ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి

పొందూరు: సన్ననూలు ఖద్దరుకు దేశమంతటా పేరుమోసిన పొందూరులో తలనొప్పి కొత్త సంగతేమీ కాదు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, కంటికి ఆనీ ఆనని పోగును గంటల తరబడి రాట్నం మీద వడికే ఆడవాళ్లకు, గుంటమగ్గంలో కాళ్లు పెట్టి మెడ వంచుకు కూర్చునే నేతగాళ్లకు పొద్దువాలేసరికి బుర్ర బరువెక్కడం మామూలే. నుదుటికి శొంఠి పట్టు వేస్తారు. లేకుంటే అమృతాంజనం రాసి గుడ్డ బిగించి కడతారు. అదీ కాకుంటే కొట్లో మాత్ర కొని వేడి టీతో మింగుతారు. తెల్లారేసరికి తగ్గిపోతుంది. మళ్లీ పనిలో పడతారు.

చిక్కంతా ఇక్కడే వస్తున్నది. రోజూ వచ్చే తలనొప్పికి అలవాటు పడిన మనిషి, ఏనాడో ఒకనాడు వచ్చే ప్రాణాంతకమైన తలనొప్పిని కూడా అదే గాటన కట్టేస్తాడు. రెండింటికీ అదే పట్టు, అదే మాత్ర. ఈలోగా విలువైన గంటలు కరిగిపోతాయి.

తలనొప్పి అంటే భయపడిపోవలసిన పని లేదన్నది మొదట చెప్పుకోవాలి. పొరుగున కర్ణాటకలో బెంగుళూరు నగరంలోనూ, చుట్టుపట్ల పల్లెల్లోనూ జరిపిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. ఏడాది కాలంలో నూటికి 64 మందికి ఏదో ఒక తలనొప్పి వచ్చినట్టు, నలుగురిలో ఒకరికి పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్, ఉన్నట్టు అందులో తేలింది. ఇవి మనిషిని బాధపెడతాయే తప్ప ప్రాణం తీయవు. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం తయారీ మొదలుపెట్టి, ఆ రాబడితో ఆంధ్రపత్రికనే నడపగలిగారంటే తలనొప్పి ఎంతమందిదో వేరే చెప్పనక్కరలేదు. ఇంతమందిలో నిజంగా ప్రమాదంలో ఉన్నవారు కొద్దిమందే. ఆ కొద్దిమందిని వెంటనే గుర్తుపట్టడమే అసలు పని.

మూడు ప్రశ్నలు

'నొప్పి ఎంత ఉంది?' అన్నది ఇంట్లోవాళ్లు మొదట అడిగే ప్రశ్న. ఒక్క దానివల్ల పెద్దగా తేలేదేమీ లేదు. పార్శ్వపు నొప్పి కూడా మనిషిని గోడకేసి తల కొట్టుకునేలా చేయగలదు. మెదడులో గడ్డ పెరుగుతున్నా మొదట్లో నొప్పి కొద్దిగానే ఉండవచ్చు. అడగవలసినవి మూడు. నొప్పి ఎలా మొదలైంది? ఇది ఎప్పుడూ వచ్చేదేనా, కొత్తదా? దీనికి తోడుగా ఇంకేమైనా వచ్చిందా?

మొదటి ప్రశ్నకు జవాబు 'ఉన్నట్టుండి, పిడుగు పడ్డట్టు' అని వస్తే ఇక ఆలోచించరాదు. మామూలు తలనొప్పి మెల్లగా ఎక్కుతుంది. క్షణాల మీద మొదలై ఒక్క నిమిషంలోపే భరించరానంత స్థాయికి చేరిందంటే మెదడు పైపొరల్లో రక్తస్రావం జరిగి ఉండవచ్చు. మెదడుకు వెళ్ళే రక్తనాళం గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. అది చిట్లితే వచ్చే నొప్పి ఇది. 'పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి నొప్పి చూడలేదు' అని రోగి అంటాడు. వాంతి అవుతుంది. కొందరికి స్పృహ తప్పుతుంది. కొందరు మాత్రం నడుస్తూ, మాట్లాడుతూనే ఉంటారు. మాత్ర వేసుకుంటే తగ్గింది కదా అని ఊరుకోవడం పెద్ద పొరపాటు. రక్తస్రావం వల్ల వచ్చిన నొప్పి కూడా మాత్రకు కాస్త సర్దుకోవచ్చు. ఉబ్బిన నాళం రెండోసారి చిట్లితే బతికే అవకాశం బాగా తగ్గిపోతుంది. మొదటి ఆరు గంటల లోపల తలకు స్కానింగు తీస్తే ఈ రక్తస్రావం దాదాపు తప్పకుండా బయటపడుతుంది. ఆలస్యమైన కొద్దీ స్కానింగులో కనిపించే అవకాశం తగ్గి, వెన్ను నుంచి నీరు తీసి పరీక్షించవలసి రావచ్చు.

రెండో ప్రశ్న అలవాటు గురించి. ఇరవై ఏళ్లుగా నెలకు రెండుసార్లు వచ్చే నొప్పి ఈసారీ అలాగే వస్తే కంగారు లేదు. అదే మనిషికి నొప్పి తీరు మారినా, రోజురోజుకూ పెరుగుతూ వస్తున్నా, ఎన్నడూ తలనొప్పి ఎరగని మనిషికి యాభై దాటాక కొత్తగా మొదలైనా డాక్టరుకు చూపించి తీరాలి. దగ్గినా, తుమ్మినా, ముక్కినా తల పగిలిపోయేలా నొప్పి రావడం, పడుకుంటే ఎక్కువై తెల్లవారుజామున వాంతితో లేపడం కపాలంలో ఒత్తిడి పెరుగుతున్నదనడానికి గుర్తులు. ఇంతకుముందు క్యాన్సరు వచ్చినవారికి, హెచ్.ఐ.వి. ఉన్నవారికి కొత్త తలనొప్పి ఏదైనా చిన్నది కాదు.

మూడో ప్రశ్న తోడు లక్షణాల గురించి. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, ఫిట్సు, మగత, తికమక మాటలు, ఇవి ఏవి తలనొప్పితో కలిసి వచ్చినా అది మెదడు చేస్తున్న హెచ్చరిక. జ్వరంతో తలనొప్పి మామూలే గాని, మెడ బిగుసుకుని గడ్డం ఛాతీకి ఆనకపోతే, వెలుతురు చూడలేకపోతే మెదడువాపును అనుమానించాలి. మన దేశంలో క్షయ ఎక్కువ కనుక ఇంకొకటి గుర్తుంచుకోవాలి. క్షయ మెదడు పొరలకు సోకితే నొప్పి హఠాత్తుగా రాదు. వారాల తరబడి సన్నగా తలనొప్పి, సాయంత్రాలు జ్వరం, తిండి సహించకపోవడం, మనిషి చిక్కిపోవడం, చివరకు మగత, ఇలా నడుస్తుంది. 'గాలి సోకింది' అని అంత్రాలు కట్టించేది చాలావరకు ఇలాంటప్పుడే.

బీపీకి తలనొప్పి కొలబద్ద కాదు

పల్లెల్లో బలంగా నాటుకున్న అపోహ ఒకటుంది. తల నొస్తే బీపీ పెరిగినట్టు, నొప్పి లేకపోతే బీపీ లేనట్టు. ఈ లెక్కన తల నొచ్చిన రోజే బీపీ మాత్ర మింగి, మిగతా రోజుల్లో మానేసేవారు ఉన్నారు. నిజానికి బీపీ చాలామందిలో ఏ బాధా కలిగించకుండానే ఏళ్ల తరబడి రక్తనాళాలను కొరికేస్తుంది. మెదడులో నాళం చిట్లడానికి అన్నింటికంటే పెద్ద కారణం అదే. బీపీ 180/120 దాటి, దానితో తలనొప్పి, చూపు మసకబారడం, ఛాతీలో నొప్పి, తికమక ఉంటే అది అత్యవసర పరిస్థితి. ఏ బాధా లేనప్పుడు కొలిపించుకుని రోజూ మాత్ర వేసుకునేవాడికి ఆ పరిస్థితి రావడం అరుదు.

ఉప్పు చేపలు, ఆవకాయ లేనిదే ముద్ద దిగని ప్రాంతంలో ఈ మాట మరింత వర్తిస్తుంది. ఇదే జిల్లాలో సముద్రం వైపున్న ఉద్దానం గ్రామాలను మూత్రపిండాల జబ్బు ఎన్నో ఏళ్లుగా పీడిస్తున్న సంగతి అందరికీ తెలిసిందే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి బీపీ పెరగడం సర్వసాధారణం. అటువంటివారు తలనొప్పికి కొట్లో దొరికే నొప్పి మాత్రలు సొంతంగా మింగితే ఉన్న మూత్రపిండాలు కూడా చెడతాయి.

చుట్ట పొగ

శ్రీకాకుళం జిల్లాకు పొగాకుతో ఒక ప్రత్యేకమైన బంధం ఉంది. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే 'అడ్డపొగ' అలవాటు ఇక్కడి ఆడవాళ్లలో తరతరాలుగా వస్తున్నది. ఈ జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించిన వైద్య బృందం వివరాలు 1971లో వెలువడినప్పుడు, వారిలో నూటికి దాదాపు 44 మంది అడ్డపొగ తాగేవారేనని తేలింది. ఇప్పుడు ఆ అలవాటు బాగా తగ్గినా పెద్దవయసు స్త్రీలలో పూర్తిగా పోలేదు. అడ్డపొగ వల్ల అంగిలికి వచ్చే క్యాన్సరు గురించి చాలామంది విన్నారు. తలకు చేసే చేటు గురించి విన్నవారు తక్కువ. పొగాకు ఏ రూపంలో తాగినా రక్తనాళాలు గట్టిపడతాయి. మెదడు నాళాలు ఉబ్బి చిట్లడానికి బీపీ, పొగ రెండూ కలిస్తే ముప్పు మరీ ఎక్కువ. దీనికి అతిగా తాగే సారా తోడైతే చెప్పనే అక్కరలేదు. రక్తసంబంధీకులలో ఇద్దరికి ఇలా మెదడు నాళం చిట్లిన చరిత్ర ఉంటే ఆ ఇంటివారు డాక్టరుతో ముందే చెప్పుకోవడం మంచిది.

బాలింత గదిలో

ఈ ప్రాంతంలో ఎక్కువగా జాగ్రత్త పడవలసింది గర్భిణులు, బాలింతల విషయంలో. అయిదో నెల దాటిన గర్భిణికి తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం చేతులు ఉబ్బడం కనిపిస్తే వెంటనే బీపీ చూపించాలి. 140/90 దాటితే అశ్రద్ధ పనికిరాదు. అది ముదిరి ఫిట్సు రావడాన్నే పల్లెల్లో గుర్రపువాతం అంటారు. తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణగండం. కాన్పు అయిపోయింది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. కాన్పు తరువాత ఆరు వారాల దాకా ఈ ముప్పు ఉంటుంది.

ఇంకొక ప్రమాదం మన ఆచారంతో ముడిపడి ఉంది. పచ్చి బాలింత నీళ్లు ఎక్కువ తాగితే ఒళ్లు నీరు పడుతుందని, పొట్ట వస్తుందని చాలా ఇళ్లల్లో నీళ్లు తగ్గించి ఇస్తారు. కాన్పు తరువాత రక్తానికి గడ్డకట్టే గుణం సహజంగానే ఎక్కువ. ఒంట్లో నీరు తగ్గితే, దానికి రక్తహీనత తోడైతే మెదడు నుంచి చెడు రక్తం తీసుకుపోయే సిరల్లోనే గడ్డ కట్టవచ్చు. తలనొప్పి రోజురోజుకూ పెరిగి వాంతులు, ఫిట్సు, ఒక పక్క చచ్చుబడటం వస్తాయి. హైదరాబాదులోని నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్ డాక్టర్లు ఈ జబ్బుతో వచ్చిన 428 మంది వివరాలను 2012లో ప్రచురించారు. వారి సగటు వయసు 31 ఏళ్లే. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి తలనొప్పి ఉంది. కారణాలు వెతకగా రక్తహీనత, మద్యం, గర్భనిరోధక మాత్రలు, కాన్పు తరువాతి దశ ప్రముఖంగా కనిపించాయి. అంటే ఇది బాలింతలకే కాదు, పడుచు మగవాళ్లకూ వచ్చేదే. సకాలంలో పసిగట్టి రక్తం పలచబడే మందు ఇస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. కనుక బాలింతకు దాహం వేసినన్ని కాచి చల్లార్చిన నీళ్లు ఇవ్వడంలో తప్పులేదు. ఇవ్వకపోవడంలోనే ఉంది.

ఆపరేషను కాన్పుకు వెన్నులో మత్తు సూది ఇచ్చినప్పుడు కొందరికి లేచి కూర్చుంటే తలనొప్పి వచ్చి, పడుకుంటే తగ్గుతుంది. ఇది సాధారణంగా సర్దుకునేదే. పడుకున్నా తగ్గకపోతే మాత్రం సూది మీద నెపం వేసి ఊరుకోరాదు.

తలుపులు మూసి కుంపటి పెట్టే అలవాటు కూడా ప్రమాదకరమే. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, తల తిప్పడం మొదలై, బయటికి వస్తే తేలికపడితే కారణం కుంపటే. వెంటనే అందరూ బయటికి రావాలి. తలుపులు, కిటికీలు తెరవాలి. పసిబిడ్డ ఉన్న గదిలో ఇది మరీ ముఖ్యం.

కన్ను, కణత, దెబ్బ

నూలు వడికేవారిలో, నేసేవారిలో వయసు మళ్లినవారే ఎక్కువ. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గి, కళ్లజోడు లేకుండా సన్నపోగు మీద దృష్టి పెడితే తల నొస్తుంది. సరైన అద్దాలు పెట్టుకుంటే పోతుంది. కాని ఒక కన్ను ఎర్రబడి, రాయిలా గట్టిపడి, ఆ పక్క తల పగిలిపోతూ, వాంతి వచ్చి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే అది నీటికాసులు ఒక్కసారిగా ముదిరిన స్థితి. ఇక్కడ పోయేది ప్రాణం కాదు, చూపు. గంటల్లో వైద్యం అందకపోతే పోయిన చూపు తిరిగి రాదు. యాభై పైబడినవారికి కణతల దగ్గర కొత్తగా నొప్పి, తల దువ్వుకుంటే బాధ, నమిలేటప్పుడు దవడ లాగడం ఉంటే అది కణత నాళం వాపు కావచ్చు. మన దేశంలో తక్కువే గాని, అశ్రద్ధ చేస్తే దీనివల్ల కూడా చూపు పోతుంది.

తలకు దెబ్బ తగిలిన సంగతి మరిచిపోయాక వచ్చే తలనొప్పి ఇంకొకటి. తాటిచెట్టు ఎక్కి జారినా, మోటారు సైకిలు మీద నుంచి పడినా ఆ రోజు పరీక్ష చేయిస్తారు. దొడ్లో కాలుజారిన ముసలమ్మ గుమ్మానికి తల కొట్టుకుంటే పసుపు అద్ది ఊరుకుంటారు. పెద్దవయసు వారిలో అటువంటి చిన్న దెబ్బకే పుర్రె లోపల నెత్తురు బొట్టు బొట్టుగా చేరుతూ, రెండు మూడు వారాలకో నెలకో తలనొప్పి, నడక తూలడం, మతిమరుపు, పగలంతా నిద్ర మొదలవుతాయి. 'వయసు మీద పడింది' అని సరిపెట్టుకుంటారు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ నెత్తురు తీసేస్తే మళ్లీ లేచి తిరిగేవారు చాలామంది. గుండె జబ్బుకు రక్తం పలచబడే మందు వాడేవారు, రోజూ తాగేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

మాత్రే తలనొప్పి తెస్తే

తలనొప్పికి వేసుకునే మాత్రే తలనొప్పిని పెంచుతుందంటే చాలామంది నమ్మరు. మామూలు నొప్పి మాత్రలు నెలకు పదిహేను రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు నెలకు పది రోజులు, ఇలా మూడు నెలలకు మించి వాడితే మాత్ర వేసుకోని రోజున తల నొస్తుంది. దానికి మళ్లీ మాత్ర. ఇది ప్రాణాపాయం కాకపోయినా రెండు విధాల నష్టం. కడుపులో పుండు, మూత్రపిండాలకు చేటు ఒకటి. అసలు ప్రమాదం వచ్చినప్పుడు దాని మీద ముసుగు కప్పడం రెండోది.

వెంటనే ఏం చేయాలి?

పైన చెప్పిన ప్రమాద సూచనల్లో ఏది కనిపించినా 108కి ఫోను చేయాలి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన ఈ అంబులెన్సు సేవ ఉచితం. ఊళ్లో ఇంజెక్షను వేయించి తెల్లారేదాకా చూద్దామనుకోకుండా, తలకు స్కానింగు తీయగల పెద్ద ఆసుపత్రికి తరలించడం మేలు. శ్రీకాకుళం రిమ్స్ ఆసుపత్రి, అక్కడ సాధ్యంకాని ఆపరేషన్లకు విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్నవి. గడ్డ కట్టి పక్షవాతం వచ్చినవారికి ఆ గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. కనుక నొప్పి మొదలైన సమయం గడియారం చూసి గుర్తుపెట్టుకోవాలి. నిద్రలేచేసరికే లక్షణాలు ఉంటే, చివరిసారి బాగున్న సమయం చెప్పాలి. వాడుతున్న మందుల చీటీలు వెంట తీసుకువెళ్లాలి.

పిడుగులా వచ్చిన నొప్పికి ఆస్పిరిన్ వంటి మాత్రలు ఇవ్వరాదు. రక్తం పలచబడి స్రావం ఎక్కువ కావచ్చు. మగతగా ఉన్నవారి నోట్లో నీళ్లు, కాఫీ పోయరాదు. ఫిట్సు వచ్చిన మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చేతిలో తాళాలు, ఇనుప ముక్కలు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. నోట్లో చెంచా దూర్చితే పళ్లు విరుగుతాయి.

వీటిలో చాలావాటికి మూలమైన బీపీని కొలవడానికి పట్టేది అయిదు నిమిషాలు. పొందూరు చుట్టుపక్కల నూలు వడికేవారు చిలపలు అప్పగించి పత్తి తీసుకుపోవడానికి ఖాదీ సంఘానికి వస్తూనే ఉంటారు. ఆ రోజున అక్కడ ఒక బీపీ యంత్రం, దాన్ని చూసి రాసే ఒక ఆరోగ్య కార్యకర్త, కళ్లు పరీక్షించేవారు ఒకరు కూర్చుంటే, ఆసుపత్రి గడప తొక్కని ఎందరో పెద్దవాళ్లు బయటపడతారు. పనికట్టుకుని ఆసుపత్రికి పోవాలంటే ఒక పూట కూలి పోతుంది. వచ్చిన చోటే చూస్తే పైసా నష్టం లేదు. నూలు లెక్క రాసే పుస్తకం పక్కనే బీపీ లెక్క రాసే పుస్తకం కూడా ఉండే ఏర్పాటు గురించి వైద్య శాఖ, ఖాదీ పెద్దలు కలిసి ఆలోచించవలసి ఉంది.